రెయిన్‌కోట్లు వేసుకున్న అమ్మానాన్నలు

పార్క్ చాన్-వుక్ పగ సినిమాలనగానే ఇక్కడి మిత్రులు 'ఓల్డ్‌బాయ్' (2003) సుత్తి పోరాటమే చెబుతారు. అందులో నొప్పి మరీ అందంగా ఉంటుందని నా ఫిర్యాదు. నాకు 'లేడీ వెంజెన్స్' (2005) పాడుబడ్డ బడి గుర్తుంటుంది. పిల్లల్ని చంపిన మాస్టారు లోపల బందీ. ఆ తల్లిదండ్రులు రక్తం అంటకుండా రెయిన్‌కోట్లు తొడుక్కుని, డాక్టరు దగ్గరలా వరసగా కూర్చుంటారు. కత్తి దిగడం కంటే ఆ ఎదురుచూపే భయంకరం. తర్వాత కేకు తింటారు. పిల్లల కోసం కట్టిన డబ్బు తిరిగి రావడానికి బ్యాంకు ఖాతా నంబర్లు ఇస్తారు!

'సమరసింహారెడ్డి' (1999)కి ఈలలు వేసినవాణ్ణే నేనూ. మన ఫ్యాక్షన్ సినిమాల్లో నరుకుళ్ళకి లెక్కలేదు గానీ నొప్పి ఎవరిదో తెలియదు. పగ తీరితే శుభం కార్డే. ఇక్కడ పగ తీరాక కూడా పిల్లలు రారు. నేనైతే ఆ వరసలో కూర్చునేవాణ్ణా? ఇద్దరు పిల్లల తండ్రిని, కాదని చెప్పలేను.