ఆగస్టు ఫోన్లు

జులై నెలాఖరు వచ్చిందంటే నా ఫోను ఊరుకోదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేముండే చోటికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా దిగిన కుటుంబాలు ఎవరో ఒకరి ద్వారా నా నంబరు పట్టుకుంటాయి. "అక్కా, పిల్లాణ్ణి బళ్ళో వెయ్యాలి, ఏమేం కావాలి?" ఇక్కడ బడులు ఆగస్టు మధ్యకల్లా తెరిచేస్తారు మరి. నేను టీచర్ని కాను, బడి ఉద్యోగినీ కాను. నా పిల్లలు ఈ బడుల్లోనే చదివి బయటపడ్డారు. ఆ అనుభవంతో కొత్తవాళ్ళ వెంట ఆఫీసు దాకా వెళ్ళడం, ఫారాలు నింపించడం, ఆ తర్వాత కొన్ని నెలలు కనిపెట్టుకుని ఉండడం అలవాటైపోయింది. జీతం లేదు. అప్పుడప్పుడు గోంగూర పచ్చడి వస్తుంది.

చేర్పించడం పెద్ద కష్టం కాదు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పాస్‌పోర్టు, పుట్టినతేదీ సర్టిఫికెట్టు ఉంటే సరి. ఫీజు లేదు. వీసా వంకతో పిల్లల్ని బయట నిలబెట్టకూడదని 1982లోనే సుప్రీంకోర్టు, ఈ టెక్సస్ నుంచే వెళ్ళిన ప్లైలర్ వర్సెస్ డో కేసులో తేల్చేసింది. చిక్కల్లా టీకాల కార్డు దగ్గరే. మన సర్కారు టీకాల పట్టికలో తట్టు, రుబెల్లా ఉన్నాయి కానీ గవదబిళ్ళలకు లేదు, చికెన్‌పాక్స్‌కు లేదు, హెపటైటిస్-ఎ లేదు. ఇక్కడ అన్నీ కావాలి. ప్రైవేటు డాక్టరు దగ్గర అన్నీ వేయించామని ధీమాగా వచ్చినవాళ్ళకీ ఒక తిరకాసుంది. కార్డు మీద 06/09/2018 అని ఉంటే మనకది సెప్టెంబరు 6. ఇక్కడి నర్సుకు జూన్ 9. అంతకు ముందేడు జులైలో పుట్టిన పిల్లకు ఏడాది నిండకుండానే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) వేసినట్టు లెక్కకొస్తుంది, ఆ సూది చెల్లదంటారు, మళ్ళీ పొడిపించాలి. అందుకే, బయల్దేరకముందే మీ డాక్టరు చేత తేదీలన్నీ నెల పేరు అక్షరాల్లో రాయించుకోండని అందరికీ చెబుతాను. విమానం ఎక్కాక ఎవరూ చేయగలిగిందేమీ లేదు.

ఆ తర్వాత వచ్చే కాగితం ఇంటి భాష గురించి. మీ ఇంట్లో ఏయే భాషలు మాట్లాడతారు, మీ పిల్ల ఏయే భాషలు మాట్లాడుతుంది అని అడుగుతారు. మనవాళ్ళలో చాలామంది పెన్ను తీసి అన్నిటికీ 'ఇంగ్లీష్' అని రాయబోతారు. "ఇంటర్నేషనల్ స్కూల్లో చదివాడు అక్కా, ఈఎస్‌ఎల్‌లో, అదే ఇంగ్లీషు రానివాళ్ళ క్లాసులో పడేస్తే మొద్దు అనుకోరూ?" నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. తెలుగు అని రాస్తే నాలుగు వారాల్లోపు పరీక్ష పెడతారు. ప్రత్యేక సాయం అవసరం లేకపోతే మామూలు క్లాసులోనే ఉంచుతారు, ఉంటే ఇంగ్లీషు నేర్పడానికి తర్ఫీదు పొందిన టీచరు దొరుకుతుంది. ఈ సాయం ఎవరి దయా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లల్ని ఊరికే బెంచీల మీద కూర్చోబెడుతున్నారని వాళ్ళ తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, 1974లో లౌ వర్సెస్ నికోల్స్ తీర్పుతో దక్కిన హక్కు. దాన్ని పరువు కోసం వదులుకోవడం నాకు తెలివితక్కువగా కనిపిస్తుంది.

మన ఇంగ్లీషు మీడియం పిల్లలది అసలు వింత పరిస్థితి. వలసవచ్చిన పిల్లలు ముందు ఆటస్థలంలో మాటలు పట్టేస్తారనీ, పుస్తకాల ఇంగ్లీషుకే అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందనీ కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పింది చాలాచోట్ల ప్రామాణికం. మనవాళ్ళు అటునుంచి వస్తారు. స్పెల్లింగులు తప్పు పోవు, పుస్తకం గడగడా చదువుతారు, చేతిరాత చూసి టీచరు ముచ్చటపడుతుంది. పక్క పిల్లవాడు గబగబా ఏదో జోకు వేసి నవ్వితే మాత్రం ఏమీ అర్థంకాదు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాదు. పుస్తకం చదవడం చూసి టీచరు, లెక్కలు చూసి తండ్రి, "ఏం ఫరవాలేదు" అనుకుంటారు. లెక్కల ధీమా మన ఇళ్ళలో మరీ ఎక్కువ. నాన్నలకు మొదటి వారంలోనే పిల్లాణ్ణి ఒక క్లాసు పైకి ఎక్కించాలనిపిస్తుంది. ఇక్కడ క్లాసు నిర్ణయించేది ముఖ్యంగా వయసు, సెప్టెంబరు 1 నాటికి ఎన్నేళ్ళు నిండాయన్నదే లెక్క. దాని కోసం ప్రిన్సిపాల్‌తో వాదన పెట్టుకోవద్దనే చెబుతాను.

ఆ లెక్కల్లోనూ మెలికలున్నాయి. పదహారో ఎక్కం ఒప్పజెప్పే ఒక రెండో తరగతి పిల్ల తన వర్కుషీటు తెచ్చి మా వంటింటి బల్ల మీద పరిచింది. నిండా నాణేల బొమ్మలు. మొత్తం ఎంతో చెప్పమని ప్రశ్న. పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్ ఆ పిల్ల చేత్తో ఎన్నడూ పట్టుకున్నవి కావు. పైగా పది సెంట్ల డైము అయిదు సెంట్ల నికెల్ కన్నా చిన్నది, అంతెందుకు, ఒక సెంటు పెన్నీ కన్నా చిన్నది. పెద్ద బిళ్ళే పెద్ద విలువ అనుకుని కూడింది, అన్నీ తప్పయ్యాయి, ఏడ్చింది. మా ఆయన డబ్బాలోంచి చిల్లరంతా బల్ల మీద గుమ్మరించాడు. ఇద్దరూ కొట్టు ఆట ఆడారు, నేను గిరాకీని. గంటలో వచ్చేసింది. అంగుళాలు, ఫారన్‌హీట్, లక్ష దగ్గర కామా చోటు మారడం, అన్నీ ఇలాంటివే. తెలివికీ వీటికీ ఏ సంబంధమూ లేదని పిల్లకు ఎవరో ఒకరు మొదట్లోనే చెప్పాలి.

బడి మొదలవగానే రోజూ అమెరికా జెండాకు ఒక ప్రతిజ్ఞ, టెక్సస్ జెండాకు ఇంకొకటి, ఆపైన ఒక నిమిషం మౌనం. పిల్లలు బెదిరిపోతారు, ఏం పలకాలో తెలీక. మన అసెంబ్లీ లాంటిదే, మర్యాదగా నిలబడితే చాలు అని ముందే చెబితే తేలిక. మన బడుల్లో చెప్పించే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది నల్లగొండ జిల్లా పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. ఈ సంగతి చెబితే తల్లిదండ్రులే ముందు ఆశ్చర్యపోతారు. ఆపదొస్తే దాక్కోవడం నేర్పే లాక్‌డౌన్ డ్రిల్లు గురించి కూడా ఇంట్లోనే చెప్పి పంపాలి. ఉన్నట్టుండి లైట్లార్పి, తలుపేసి, అందరినీ మూల కూర్చోబెడితే, ఇది ఉత్తుత్తిదని తెలియని పిల్ల ఆ రాత్రి నిద్రపోదు.

ఇక భోజనం. కొత్త పిల్లలు కుదురుకునేదీ, కుమిలేదీ అక్కడే. బడిలో పిల్లల సంఖ్యను బట్టి కొన్ని తరగతులకు పదకొండు కాకముందే పెట్టేస్తారు, అదీ అరగంట దాటదు. అమ్మ కలిపిచ్చిన పులిహోర స్టీలు డబ్బాలో ఉంటుంది. మూత బిగుసుకుపోతుంది, రాదు. చెయ్యెత్తి అడగాలని తెలీదు. చెయ్యి కడుక్కోడానికి కుళాయి ఎక్కడో ఉంటుంది, చెంచా సంచిలో లేదు. పక్కవాడికి ఒక ముద్ద పెడదామన్నా కుదరదు, అలర్జీల భయంతో తిండి పంచుకోనివ్వరు. మన దగ్గర స్నేహం మొదలయ్యేదే డబ్బాలు మార్చుకోవడంతో. పుట్టినరోజుకు పల్లీపట్టీ పట్టుకెళ్ళిన పిల్లవాణ్ణి వాకిట్లోనే ఆపారు, వాడికి ఎందుకో అర్థంకాలేదు. కాబట్టి, పిల్ల తన చేత్తో తియ్యగలిగే మూతున్న డబ్బా కొనండి, ఇంట్లో నాలుగుసార్లు తీయించి చూడండి, చెంచాతో తినడం నేర్పండి. ఏం పెట్టాలో పిల్లనే చెప్పనివ్వండి. "అన్నం వద్దు" అంటే నొచ్చుకోకండి, సాయంత్రం ఇంటికొచ్చి ఆవకాయన్నమే తింటుంది.

బాత్‌రూము గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. నీళ్ళుండవు, కాగితం ఉంటుంది. తలుపు కింద జానెడు సందు. సిగ్గుతో రోజంతా బిగబట్టుకునే పిల్లలున్నారు, అందుకోసం నీళ్ళు తాగడం మానేస్తారు. సాయంత్రం బ్యాగులో సీసా నిండుగానే ఉందేమో చూసుకోండి.

మొదటి నెలల్లో టీచరు నుంచి ఒక మెయిలు వస్తుంది. పిల్లవాడు చాలా మంచివాడు, చాలా నెమ్మది అని. మనకది బుద్ధిమంతుడని కితాబు. ఆమె మటుకు, వీడు నోరు విప్పడం లేదని మర్యాదగా చెబుతోంది. కొందరు పిల్లలు వారాల తరబడి, కొందరు నెలల తరబడి విని ఊరుకుంటారు, మెల్లగా విచ్చుకుంటారు. భయపడక్కర్లేదు. కానీ టీచర్ని కలిసి, ఇంట్లో తెలుగులో వసపిట్టలా వాగుతాడండీ అని చెప్పిరావాలి. ఇంగ్లీషు బెరుకైతే బడి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేస్తుంది, అడగాలంతే. జనవరిలో వచ్చినవాళ్ళకు మరింత కష్టం, అప్పటికే క్లాసులో పిల్లలు జట్లు కట్టేసుకుని ఉంటారు.

అసలు తల్లుల సంగతి ఎవరూ పట్టించుకోరు. హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగానికి అనుమతి లేక, డ్రైవింగ్ లైసెన్సు ఇంకా రాక, రోజంతా అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఉన్న మనిషి సాయంత్రం పిల్లను చూడగానే ప్రశ్నల వాన కురిపిస్తుంది. వాళ్ళకు నేనిచ్చే సలహా ఒకటే. బడిలో వాలంటీరు ఫారం నింపండి, తనిఖీ అయ్యాక లైబ్రరీలో పుస్తకాలు సర్దండి. నేను చూసినంతలో, వరండాలో అమ్మ కనబడిన పిల్లలు తొందరగా కుదురుకున్నారు. అమ్మలూ అంతే.

చివరగా, అక్కడ గుంటూరులోనో వరంగల్‌లోనో ఇది చదువుతున్న తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఒక విన్నపం. వీడియో కాల్లో మనవడు కనబడగానే "ఏదీ, అమెరికా ఇంగ్లీషులో ఒక ముక్క మాట్లాడు" అనకండి. వాడు రోజంతా ఆ పరీక్షే రాసి వచ్చాడు. ఈ పూట అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావని అడగండి. ఏదైనా పేరు చెబితే కాగితం మీద రాసిపెట్టుకుని, వచ్చే వారం ఆ పిల్ల గురించే అడగండి. మార్కుల ఊసు సంక్రాంతి దాకా వద్దు.