రాయి కూర్చోవాలి

అర్ధరాత్రి దాటాక హాల్లో ‘ఠక్’మని ఒక్క చప్పుడు. లేచి లైటేస్తే అక్వేరియం ట్యాంకులో నీళ్లు కలకబారి ఉన్నాయి. నేను నెల రోజులు మురిసిపోతూ పేర్చిన రాళ్ల గుట్ట మీది పైరాయి జారి, ముందు అద్దానికి ఆనుకొని ఆగింది. అద్దం పగల్లేదు. పగిలుంటే 250 లీటర్ల ఉప్పునీళ్లు ఇల్లంతా పారేవి. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరాన, రావల్కోల్‌లో కూర్చుని, బోరు నీళ్లు ఆర్వోలో వడగట్టి, లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలుపుకునేవాడికి ఈ శాస్తి జరగాల్సిందేనని ఇంట్లో తీర్పు వచ్చింది.

రాయిని పడేసింది అంగుళంన్నర పిస్టల్ రొయ్య. దానికి చూపు ఆనదు. అందుకే ఒక మీసాన్ని ఎప్పుడూ తోడున్న గోబీ చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. చేప కాపలా, రొయ్య తవ్వకం. చేప తోక ఆడించిందంటే ఇద్దరూ బొరియలోకి. గంటల తరబడి చూస్తూ కూర్చోవచ్చు. అయితే ఆ బొరియ సరిగ్గా నా రాళ్ల కిందికే దిగింది. నేను ముందు ఇసుక పోసి, దాని మీద రాళ్లు పేర్చాను మరి.

అలా పేర్చాలన్న బుద్ధి పుట్టించింది మా చుట్టుపక్కల గుండ్లే. మేడ్చల్, శామీర్‌పేట వైపు తిరుగుతుంటే గుండు మీద గుండు, వేలితో తోస్తే దొర్లిపోతుందా అన్నట్టు కనిపిస్తాయి. అదే ఒడుపు ట్యాంకులో చూపిద్దామనుకున్నాను. ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదన్న సంగతి మరిచాను. అదంతా ఒకప్పుడు ఒకటే రాయి, దాదాపు 250 కోట్ల ఏళ్లనాటిది. పగుళ్లలోకి నీరు దిగి, మెత్తబడ్డదంతా మట్టై కొట్టుకుపోగా మిగిలినవి అవి. పడాల్సినవి ఎప్పుడో పడిపోయాయి. నిలిచినవాటిని చూసి నేను నిలబెట్టడం నేర్చుకుందామనుకున్నాను!

పాఠం పక్క ప్లాటులో దొరికింది. అక్కడ రాతి ప్రహరీ కడుతున్నారు. మేస్త్రి ఒక్కో రాయినీ చేతిలో నాలుగుసార్లు తిప్పి చూసి పెడుతున్నాడు. పెట్టాక అరచేత్తో ఈ మూల నొక్కి, ఆ మూల నొక్కి, ఏమాత్రం ఊగినా తీసి మళ్లీ తిప్పుతున్నాడు.

“ఎట్లాగూ సిమెంటేస్తారు కదా మేస్త్రీ, ఇంత చూడ్డమెందుకు?”

“సిమెంటు రాయిని పట్టుకుంటది సారూ, మొయ్యది. రాయి తనంతట తాను కూసోవాలె.”

ఆ ఆదివారం చేపనూ రొయ్యనూ బకెట్లోకి మార్చి, ట్యాంకు ఖాళీ చేశాను. అడుగున పలచటి అక్రిలిక్ రేకు, దాని మీద నేరుగా పెద్ద రాళ్లు, ఒక్కోదానికి కనీసం మూడు చోట్ల ఆనిక. ఇసుక చివర్న, రాళ్ల చుట్టూ మాత్రమే. ఊగకుండా కూర్చున్నాకే ఎపాక్సీ. పైరాయికి రెండు చోట్ల రంధ్రాలు వేసి అక్రిలిక్ కడ్డీలు దించాను. అద్దాలకూ రాళ్లకూ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలాను, నాచు గీకే అయస్కాంతం తిరగాలి కదా. ఇదంతా నీళ్లు పోయకముందే. సున్నపురాయి నీళ్లలో మునిగితే తన బరువులో మూడో వంతుకు పైగా నీరే మోస్తుంది. నీళ్లు మార్చడానికి తోడినప్పుడు ఆ బరువంతా తిరిగి కింది రాయి మీద పడుతుంది. కాబట్టి పరీక్ష పొడిగా ఉన్నప్పుడే పెట్టాలి.

గట్టిగా ఉండాలని గోడలా మూసేసినా చేటే. ఈ రాయిని లైవ్ రాక్ అనేది ఊరికే కాదు. రాతి పైపొరలో ఉండే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. గాలి అందని లోపలి రంధ్రాల్లోని బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్‌గా వదిలేస్తుంది. రాళ్ల మధ్య నీరు ఆడకపోతే మడ్డి పేరుకుంటుంది. ఇలాంటి రాయిని శుభ్రం పేరుతో ఉడకబెడితే ఆ బ్యాక్టీరియా చస్తుంది. దాని మీద జోయాంథిడ్‌లనే చిన్న సముద్రజీవులు ఉంటే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వాటిని ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు తప్పనిసరి.

నా రాళ్లు సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాళ్లు కావు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001లో పగడాలను చేర్చారు, పులితో సమానంగా. కొన్నప్పుడు ఇవి వట్టి పొడిరాళ్లే. నెలన్నర ఓపిక పడితే, చేపల్ని తట్టుకునేంత ప్రాణం వాటికి పట్టింది.

రొయ్య తవ్వకం ఆపలేదు. మొన్న రేకు తగిలేదాకా తవ్వి, కాసేపు ఆగి, పక్కకు తిరిగింది. రాయి కదల్లేదు. రాత్రుళ్లు ఇప్పటికీ ‘ఠక్’మంటుంది. పెద్ద కొండిని రొయ్య టపీమని మూసే చప్పుడది, అచ్చం అద్దం చిట్లినట్టే ఉంటుంది. మొదట్లో ప్రతిసారీ లేచి పరుగెత్తేవాణ్ని. ఇప్పుడు అటు తిరిగి పడుకుంటున్నాను.