లోకజ్ఞతయా, నిద్రయా? : రెండు గ్రంథముల పరామర్శ

ఆత్మాభివృద్ధిని బోధించు గ్రంథములు నేడు యువకుల చేతులలోనికి విరివిగా వచ్చుచున్నవి. ఇతరులతో మెలగు నేర్పును చెప్పునవి వానిలో నొక తెగ. నిద్ర యొక్క ఆవశ్యకతను చెప్పునవి మరియొక తెగ. పగలెల్ల పనిచేసి, రాత్రి యొక్క గంట చదువుకొన వీలు చిక్కిన సత్తువాచారి యువకుడు దేనిని ముందు తెరవవలెను? ప్రశ్న చిన్నదిగా తోచును. ఆ గంట అతని నిద్రనుండియే తీసికొన్నదని తలచినచో చిన్నది కాదు.

మొదటి తెగకు డేల్ కార్నెగీ పెద్ద దిక్కు. ఆయన 1888లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున జన్మించి, 1912 నుండి న్యూయార్కు వై.ఎం.సి.ఎ.లో వక్తృత్వమును బోధించి, 1936లో ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’ అను గ్రంథమును ప్రకటించెను. పరులను నిందింపవలదు, వారి మాట నోపికతో వినవలెను, వారి పేరు జ్ఞాపకముంచుకొనవలెను అనునవి అందలి ముఖ్యబోధలు. బద్దెన రచనగా ప్రసిద్ధికెక్కిన సుమతీశతకమును బాల్యమున వల్లించిన వారికి ఇందు క్రొత్తదనము తక్కువ. అయినను శతకకారుడు నీతిని చెప్పి యూరకుండును. కార్నెగీ ఉదాహరణముల నిచ్చి, నేడే చేసి చూడుమనును. ఆయన బలమంతయు నిందే యున్నది, లోపమును నిందే కలదు. ఆ యుదాహరణములలో పెక్కు వర్తకులవి. నిష్కపటముగా నుండవలెనని గ్రంథకర్త పలుమారు హెచ్చరించినను, మైత్రి యెక్కడ ముగిసి బేరమెక్కడ మొదలగునో పాఠకునకు తెలియరాదు.

పేరును గూర్చిన సూత్రము మన వీధులలో యథాతథముగా చెల్లదు. ఎవరి పేరు వారి చెవికి మధురమని కార్నెగీ తలంపు. సత్తువాచారిలోగాని గుడియాత్తములోగాని పొరుగింటి పెద్దను పేరు పెట్టి పిలిచిన బాలునకు మైత్రికి మారుగా మందలింపే లభించును. అచ్చట పేరు చేయవలసిన పనిని ‘మామా’, ‘అన్నా’ యను వరుస చేయును. తమిళుల యింటను ఈ పిలుపులకు చనువు కలదు. ఇట్టి గ్రంథములను తెనిగించువారు ఈ భేదమును గమనింపక మాటకు మాట పెట్టినచో ఫలము లేదు.

రెండవ తెగకు మాథ్యూ వాకర్ 2017లో ప్రకటించిన ‘వై వుయ్ స్లీప్’ ప్రతినిధి. నేర్చిన విషయము నిద్రలో స్థిరపడు విధమును ఇది చక్కగా వివరించును. కాని పాఠకుని భయపెట్టి ఒప్పించుట దీని రీతి. 2019లో అలెక్సీ గుజే అను విమర్శకుడు ఇందలి లోపములను బయటపెట్టెను. నిద్ర తగ్గినకొలది క్రీడాకారులకు గాయములు పెరుగునని చూపు పటమొకటి కలదు. మూలపరిశోధనలో ఐదుగంటల నిద్రకు సంబంధించిన లెక్క ఆ వాదమునకు అనుకూలింపలేదు. గ్రంథములోని పటమున ఆ లెక్కయే లేదు. దీనిని అచ్చుతప్పువలె క్షమింపరాదు.

విశేషమేమనగా, కార్నెగీయే 1948లో చింతను గూర్చి వ్రాసిన గ్రంథమున నిద్రలేమికి నొక ప్రకరణము నిచ్చి, నిద్ర రాలేదను చింతయే నిద్రలేమికంటె నెక్కువ హాని చేయునని వాదించెను. వాకర్‌ను చదివి బెదరినవారికి ఇది మంచి మందు. అయితే నిద్ర రానివాడు వేరు, నిద్రను మానుకొనువాడు వేరు. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము బడులలో క్రమముగా అనివార్య పాఠ్యాంశమైనది. తెలుగును విడువక చదువు పిల్లలకు అది మరియొక భాష. ఆ చదువును రాత్రికి నెట్టు ఇండ్లు లేకపోలేదు. పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్యుల సంస్థ 2016లో నిర్ణయించినది. ఆ బాలునకు కార్నెగీ ఓదార్పు తగదు.

ఈ రెండు విద్యలకు గల సంబంధము వాకర్ తన సహచరులతో 2007లో ప్రకటించిన పరిశోధనలో కనబడును. దాదాపు 35 గంటలు మేల్కొన్నవారికి అప్రియమైన చిత్రములను చూపగా, మెదడులో భయక్రోధములకు సంబంధించిన అమిగ్డలా అను భాగము నిద్రించినవారిలో కంటె 60 శాతము అధికముగా స్పందించెను. దానిని అదుపుచేయు ముందరి భాగముతో సంబంధము సడలెను. పరులను నిందింపరాదను సూత్రము అట్టివానికి కంఠస్థమైనను సమయమునకు అక్కరకు రాదు. కావున నిద్రను గూర్చిన పుటలే ముందు చదువదగినవి. అవియు కొలదిగా, పగటివేళ. కార్నెగీని ఆదివారమునకు ఉంచుకొనవచ్చును.

తిక్కన సోమయాజి తెనిగించిన ఉద్యోగపర్వమును ఎరిగినవారికి ఈ సంబంధము వింతగా తోచదు. వ్యాసభారతమున విదురనీతి యున్న భాగమునకు ప్రజాగరపర్వమని పేరు, ప్రజాగరమనగా నిద్రలేమియే. సంజయుడు పాండవుల యొద్దనుండి తిరిగివచ్చిన రాత్రి ధృతరాష్ట్రునకు నిద్ర పట్టక విదురుని పిలిపించెను. బలవంతునితో వైరము గలవాడు, సొమ్ము పోగొట్టుకొన్నవాడు, కాముకుడు, దొంగ వీరికి నిద్ర యుండదని చెప్పి, వీరిలో నీవెవడవని విదురుడు మొదటనే యడిగెను. తరువాత లోకజ్ఞతనంతయు బోధించెను. రాజు శ్రద్ధతో వినెను. విని, తన బుద్ధి విదురుడు చెప్పినట్లే నడచుచున్నదిగాని, దుర్యోధనుని చూడగనే మరలిపోవుచున్నదని ఒప్పుకొనెను.