ఏడు చేపలు, ఏడు రోజుల గొంగళి

భీమవరం పిల్లలకు చేపంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఏడు చేపల కథా అంతే. వినకుండా పెరిగినవాళ్లు అరుదు. ఆ కథ పక్కన ఎరిక్ కార్ల్ 1969లో వేసిన బొమ్మల పుస్తకం ‘ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్’ని పెట్టి చూడాలని ఎన్నాళ్లనుంచో ఉంది. ఇంగ్లీషు ఇంటిభాష కాని పిల్లలకు ఆ భాష నేర్పడానికి చాలా దేశాల్లో వాడే పుస్తకమిది.

అందులో గొంగళిపురుగు సోమవారం ఒక యాపిల్ తింటుంది, మంగళవారం రెండు పియర్లు, అలా శుక్రవారానికి అయిదు నారింజలు. పేజీలో పండుకు నిజంగానే చిల్లుంటుంది. పిల్ల అందులో వేలు దూర్చి ఆడుకుంటుంటే వారాలూ అంకెలూ నోటికి వచ్చేస్తాయి. అలాగే మన కథలోనూ ఏడు లెక్కే. ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు. నేను విన్న తీరులో, ఆరబెట్టిన చేప ఎందుకు ఎండలేదంటే జవాబు చెప్పేవాళ్లూ ఏడుగురే: చేప, గడ్డి, ఆవు, గొల్లవాడు, అవ్వ, పాప, చీమ. ఇక్కడా ఒక చిల్లూ ఒక వేలూ ఉన్నాయి. పాప చీమపుట్టలో వేలు పెట్టబట్టే కదా చేప ఎండకుండా పోయింది!

అయితే గొంగళి తింటుందే తప్ప మాట్లాడదు. కథంతా చెప్పేవారి గొంతులోనే నడుస్తుంది. ఏడు చేపల కథలో మాత్రం ఒకరు ఎందుకని నిలదీయాలి, ఇంకొకరు నెపం పక్కవారి మీదికి నెట్టాలి. జవాబు రాకపోతే కథ ముందుకు కదలదు.

ఒక భోగి సాయంత్రం మా వీధిలో బొమ్మల కొలువు దగ్గర ఇది కళ్లారా చూశాను. కొలువు బొమ్మను మామూలుగా పిల్లల్ని ముట్టుకోనివ్వరు. ఆ ఇంటి అమ్మమ్మగారు మాత్రం ఏడు చేపల కథను ఇంగ్లీషులో ఆడుకోమని ఏటికొప్పాక లక్కఆవునీ, కొండపల్లి గొల్లవాణ్నీ వాళ్ల చేతికే ఇచ్చేశారు. చేపకు అట్టముక్క. రెండో తరగతి పిల్ల దాన్ని పట్టుకున్న అన్నను “వై నాట్ డ్రై?” అని గద్దించింది. వాడు ఒక్క క్షణం తడుముకుని “బికాజ్ గ్రాస్!” అన్నాడు. ఎవరూ దిద్దలేదు. చీమ దాకా ఏడుసార్లు వచ్చింది ఆ ‘బికాజ్’. పరీక్షలో దాని అర్థం రాసే పిల్లలు కూడా నోటితో అనడానికి జంకుతారు.

అలాగని గొంగళిని తక్కువ చెయ్యలేను. అసలు నోరే విప్పని పిల్లకు అదే మేలు. జవాబు అడగకుండా మాటలు అందిస్తుంది, బొమ్మే అర్థం చెబుతుంది. పియర్ తెలియని చోట జామకాయ పెట్టి, అట్టకు చిల్లు పొడిస్తే సరి.

అమెరికాలో 2007 నుంచి తెలుగు నేర్పుతున్న సిలికానాంధ్ర మనబడి పిల్లల దగ్గర తెలిసినదీ కొత్తదీ తారుమారవుతాయి. వాళ్లకు గొంగళి బాగా తెలిసిన నేస్తం, ‘ఎందుకు’ అన్న తెలుగు మాట కొత్త. అక్కడా చేపను నిలదీస్తేనే ఆ మాట నోటికి తిరుగుతుంది. మాటలు పోగు చేసుకోవడానికి గొంగళి, వాటిని బయటికి తేవడానికి చేప: నేనైతే ఈ వరసలోనే చెబుతాను.

ఈ సంక్రాంతికి కొలువు ఎత్తేసే ముందు ఆ ఆవును ఒక్క పూట పిల్లల చేతికివ్వండి.