శోకానికి ఆసరా ఎవరు? - కాటి సీను నుంచి రక్తక్షేత్రం దాకా

దళిత సాహిత్యం గురించి తెలుగు విమర్శకులు మాట్లాడినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వస్తుంది. ఆక్రోశం. మెచ్చుకునేవాళ్ళదీ అదే మాట, ముఖం చిట్లించేవాళ్ళదీ అదే మాట. శోకం అన్న మాట మాత్రం రాదు. శోకమంటే కరుణరసమట. కరుణరసమంటే సీత, చంద్రమతి, హరిశ్చంద్రుడు. మాదిగపల్లెలో కొడుకు చచ్చి తల్లి ఏడిస్తే అది రసం కాదు, రొద. ఈ విభజన ఎక్కడిది, చావు తర్వాత అది మన మనుషుల్ని ఎట్లా ఒంటరిచేసింది అన్నది ఇక్కడ చర్చించదలచుకున్నాం.

దుఃఖం మనిషి సొంత వ్యవహారమనీ, కాలమే దాన్ని మాన్పుతుందనీ అంటుంటారు. కాలం ఒక్కటే ఏమీ మాన్పదు. పక్కన కూర్చునే మనిషి కావాలి. పోయినవాళ్ళ పేరు పలికే నోరు కావాలి. ఆ చావు అన్యాయమైతే అన్యాయమేనని ఒప్పుకునే ఊరు కావాలి. ఇవి ఎవరికి దొరుకుతాయో ఎవరికి దొరకవో ఈ దేశంలో కులం తేలుస్తుంది. సాహిత్యం కూడా దుఃఖానికి ఒక ఆసరాయే కాబట్టి, అది ఇన్నాళ్ళూ ఎవరి పక్కన కూర్చుందో చూడాలి.

కాటి సీనుతో మొదలుపెడదాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయం నాటకంలో జనం ఎదురుచూసేది ఆ సీను కోసమే. రాజు వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుణ్ణి చంద్రమతి మోసుకొస్తే, సొంత కొడుకు శవానికే కాటిసుంకం అడుగుతాడు. చూసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. పందిరి చివర కూర్చున్న మనవాళ్ళూ తుడుచుకున్నారు. కానీ ఎవరికోసం? రాజు చేయకూడని పని చేయాల్సివచ్చిందే అని. ఆ పనిని తరతరాలుగా చేస్తున్న కాటికాపరి ఇంట్లో బిడ్డ చస్తే ఏమవుతుందో చూపే సీను లేదు. పైగా మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు కూడా మారువేషంలో ఉన్న ధర్ముడే. అంటే అసలైన కాటికాపరి కథలో లేనేలేడు. కాడు రాజుకు పరీక్ష, మనవాళ్ళకు బతుకుతెరువు. పరీక్ష అయిపోగానే కొడుకు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగొస్తుంది. కాపలా ఉద్యోగం మాత్రం మనకే మిగుల్తుంది.

ఈ సీనులోకే జాషువా పద్యాలు వచ్చాయి. 'శ్మశానవాటి' పద్యాలను నటులు కాటి సీనులో చేర్చుకుని పాడారు. డి.వి. సుబ్బారావు లాంటి వాళ్ళ గొంతుల్లో అవి ఊరూరా తిరిగాయి. రాసినవాడు అంటరానితనం అనుభవించిన కవి, పాడినది రాజు వేషం. జనం చప్పట్లు రాజుకు కొట్టారు. ఆ పద్యాల్లో జాషువా అంటరానితనానికి చోటులేని స్థలంగా శ్మశానాన్ని చూపించాడు. దాన్ని వేదాంతంగా చదవడం అందరికీ అలవాటైపోయింది. చావు ముందు అందరూ సమానమే కదా అని నిట్టూర్చి లేచిపోతారు.

మేము అట్లా చదవలేం. ఊరి శ్మశానం వేరు, మాలమాదిగల బొందలగడ్డ వేరు. శవాన్ని మోసుకుపోయే దారి కోసం తగాదాలు వేరే. బొందలగడ్డను పక్క పొలంవాడు ఏటా ఒక సాలు కలుపుకుంటుంటే, తాత సమాధి ఎక్కడుందో మనవడికి చూపించే దిక్కుండదు. ఇవన్నీ జాషువాకు తెలియక రాశాడా? తెలిసే రాశాడు. ఊళ్ళో దొరకని సమానత్వాన్ని కాట్లో వెతుక్కోవాల్సిరావడమే ఆ పద్యాల్లోని దుఃఖం. అది వేదాంతం కాదు, ఊరి మీద ఫిర్యాదు.

ఇక ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922). సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోతాడు. తండ్రి రామదాసు ఆ చావును భక్తితో, తత్వంతో ఓర్చుకుంటాడు. ఉన్నవవారి సానుభూతిని మేము శంకించడం లేదు. నవలకు సంగవిజయం అనే రెండో పేరు పెట్టడం, సంగదాసు పేరుమీద సంగపీఠం నిలబెట్టడం చిన్న విషయాలు కావు. చచ్చిపోయిన మాలవాడి పేరు నిలవాలని తెలుగు నవల కోరుకోవడం గొప్ప సంగతే. కానీ నవల ఓర్పును తండ్రికిచ్చింది, తిరుగుబాటును పెద్దకొడుకు వెంకటదాసుకిచ్చింది. ఈ రెంటి మధ్యా బిడ్డ పోయిన మనిషి కడుపుకోత ఆనకుండా పోయింది. ఓర్చుకునే మాలవాడు ఉత్తముడన్న మెప్పులో ఒక మెలిక ఉంది. ఓర్చుకుంటే చంపినవాడికి ఇబ్బంది లేదు.

రాసిన సాహిత్యం ఇట్లా ఉంటే, రాయని సాహిత్యం మన వాడల్లో ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కింటివాళ్ళు అన్నం వండి తెచ్చి బలవంతంగా రెండు ముద్దలు తినిపిస్తారు. దూరపు చుట్టాలు కూడా పలకరింపుకు వస్తారు. ఆడవాళ్ళు మెడలు పట్టుకుని, రాగం తీసి శోకాలు పెడతారు. పోయినవాణ్ణి నువ్వు అని పిలిచి మాట్లాడతారు. వాడు ఎత్తిన బరువులు, తీర్చని అప్పు, ఎగ్గొట్టిన కూలి, ఆసుపత్రి వరండాలో పడిగాపులు, అన్నీ అందులోకొస్తాయి. ఇంకో సంగతి గమనించాలి. పలకరించడానికి వచ్చినామె ఈ చావు ఒక్కటే ఏడవదు. పదేళ్ళకింద పోయిన తన మొగుణ్ణీ, పురిట్లో పోయిన తన కూతుర్నీ తలుచుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు విన్న కొత్త విధవకు, ఇది దాటి బతికిన మనిషి ఎదురుగా కనబడుతుంది. ఇంతకంటే ఓదార్పు ఏముంటుంది? క్రైస్తవులైన మన కుటుంబాల్లో దీనికే ఆదరణ కూడిక అని పేరు పెట్టుకున్నారు. పాట, ప్రార్థన, పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు, తర్వాత టీ. పేరు మారినా పని అదే, మనిషిని ఒంటరిగా వదలకపోవడం.

కానీ ఈ ఆసరా వాడ పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. ఊరిపెద్ద చస్తే మనవాళ్ళు డప్పు కొట్టాలి, పాడె ముందు నడవాలి. మన చావుకు ఊరు రాదు. శోకానికి కూడా ఇక్కడ వెట్టి ఉంది. ఇక మొదటితరం చదువుల్లో మా చేతికొచ్చిన తెలుగు పాఠ్యపుస్తకాల్లో చంద్రమతి విలాపం ఉంది గాని వాడ శోకం ఒక్కటీ లేదు. చదువుకున్న మన పిల్లలు అమ్మ శోకం పెడుతుంటే నలుగురూ వింటారని సిగ్గుపడటం ఈ చదువు చేసిన పనే.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు ఈ పొలిమేర బద్దలైంది. కారంచేడు బాధితులు ఊరు వదిలి చీరాల చేరారు. ఆ శోకం చుట్టూనే 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడింది. చుండూరులో చనిపోయినవాళ్ళను దూరంగా బొందలగడ్డకు తీసుకుపోలేదు. ఊరి నడిబొడ్డునే పూడ్చారు. అదే రక్తక్షేత్రం. జాషువా శ్మశానంలో వెతికిన చోటును చుండూరు దళితులు ఊరి మధ్యలో తీసుకున్నారు. విచారణ కూడా తమ ఊళ్ళోనే జరగాలని కొట్లాడి ప్రత్యేక కోర్టును అక్కడికే రప్పించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మానుతున్న పుండును మళ్ళీ కెలకడమంటే ఇదే. అన్యాయం జరిగిందని ఒప్పుకోని చోట ఎంతమంది పలకరించినా దుఃఖం ముగియదు.

ఈ వెలుగులో 'చిక్కనవుతున్న పాట' (1995), 'పదునెక్కిన పాట' (1996) సంకలనాలను మళ్ళీ చదవమంటున్నాం. వాటిల్లో వినబడే అరుపు వెనక శోకం ఉంది. చచ్చినవాళ్ళను పిలిచి మాట్లాడే పద్ధతి వాడ ఆడవాళ్ళ శోకాల నుంచి వచ్చిందే. కలేకూరి ప్రసాద్ వరకట్నానికి బలైన ఆడపిల్ల మీద రాసిన పాట జనం నోళ్ళలో నిలిచింది కూడా అందుకే. అందులో తీర్పు తర్వాత, ఆ పిల్లతో మాట్లాడటం ముందు.

అయితే ఉద్యమ కవిత్వంలో ఒక లోపాన్ని కూడా చెప్పకతప్పదు. భర్త శవం ముందు కూర్చున్న మనిషిని ఆ పద్యాలు చాలాసార్లు మూడో పాదానికే కాగడాను చేస్తాయి, నాలుగో పాదానికి కొడవలి ఇస్తాయి. ఆమె ఏడవడానికి వ్యవధి ఇవ్వవు. సభ అయిపోయి జెండాలు సర్దుకున్నాక, మూడో ఏట పిల్లవాడి ఫీజు కోసం తిరిగే ఆమె దుఃఖం ఏ పద్యంలో ఉంది? అమరుల జాబితాలో మగవాళ్ళ పేర్లుంటాయి. వాళ్ళను ఏడ్చి బతికించుకున్న ఆడవాళ్ళ పేర్లుండవు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల గొంతుల్ని ఒకచోటికి తెచ్చింది. కాగితం మీదికి రాని గొంతులు ఇంకా చాలా ఉన్నాయి.

కాబట్టి పరిశోధకులు చేయాల్సిన పని ఒకటుంది. వాడల్లో శోకాలు పెట్టే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ అనుమతితో, వాళ్ళ పేర్లతోనే ఆ శోకాలను నమోదు చెయ్యాలి. జానపదం అనే మూటలో ఊరూ పేరూ లేకుండా కట్టిపడేస్తే కుదరదు. ఆ తర్వాత కరుణరసం పాఠం చెప్పే తరగతిలో చంద్రమతి విలాపం పక్కన వాటినీ పెట్టాలి. అప్పుడు అమ్మ శోకం పెడుతుంటే పిల్లలు సిగ్గుపడి బయటికి పోరు, ఆమె పక్కన కూర్చుంటారు.