కళాకారునకు జీవనభృతి

మన గుంటూరు సీమలో కళాకారుని గౌరవించుట యనగా శాలువ కప్పుట యని యర్థము. కప్పినవాడు పత్రికలో బొమ్మ వేయించుకొనును; కప్పించుకొన్నవాడు ఇల్లు చేరుటకు బస్సు ఛార్జీ వెదకుకొనును. ఈ యాచారమును దూషింపను గాని, దీనిని కళాపోషణమనుట కంగీకరింపజాలను.

తాడికొండ చేరువ పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరు దూదేకుల యింటి బిడ్డ. ఆతని జీవితకథకు 'పింజారి' యనియే పేరు. బుర్రకథ నాతడు ప్రజానాట్యమండలి వేదికలపై నాటి ప్రజల యాకలిని, బెంగాలు క్షామమును చెప్పు సాధనముగా మలచెను. ఏలికల కది రుచింపలేదు. స్వాతంత్ర్యమునకు ముందు మదరాసు ప్రభుత్వమును, నైజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. 1986లో నాతనికి పద్మశ్రీ వచ్చెను. అప్పటికి 66 ఏండ్లు. గళము గట్టిగానున్ననాడు నిషేధము, వయసుడిగిన పిమ్మట పతకము!

నేటి పింఛనుల తీరును ఇంచుమించుగ నిట్టిదే. మన రాష్ట్రమున డప్పు కళాకారులకు 2024 నుండి నెలకు 4,000 రూపాయలిచ్చుచున్నారు. 50 ఏండ్లు నిండవలెను. కేంద్రప్రభుత్వము వృద్ధకళాకారుల కిచ్చు సాయము నెలకు 6,000 రూపాయలకు మించదు. దానికి 60 ఏండ్లు నిండవలెను. ఇవి వలదని యెవడనును? అయిన నిది వార్ధక్యమునకు భృతి గాని కళకు భృతి గాదు. ఇరువదియేండ్ల పిల్లవాడు తాతయొద్ద పాట నేర్వవలెనా, మిరపకోతకు పోవలెనా యని తలపోయునప్పుడు ముప్పదియేండ్ల తరువాతి పింఛను వానికేమి చెప్పగలదు?

పల్నాటిని చూడుడు. కారెంపూడిలో కార్తికామావాస్యనాడు మొదలగు వీరారాధన మైదు దినములు జరుగును. వీరవిద్యావంతులు పల్నాటి కథను పాడుదురు. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అను పరిశోధకు డాంగ్లమునకు మార్చి 1982లో ప్రకటించెను. పాట విదేశ గ్రంథాలయములకు జేరినది. పాటగాడు తక్కిన 360 దినము లెట్లు గడపవలెనో మన మడుగలేదు.

పూర్వము కళ్ళములో మేర కొలిచిరి గదా యని పెద్దలందురు. నిజమే, కాని ఆ మేరతోపాటు కులమును కొలిచి యిచ్చిరి. డప్పు కొట్టుట యొక విద్యగా గాక, ఒక కులము మీది వెట్టిగా నుండెను. పిలిచిన రాననుటకు వీలులేని కూలి పోషణము గాదు. ఆ పద్ధతి పోవుటయే మేలు. పోయిన చోట మన మేమియు నుంచకపోవుటయే దోషము.

ఐర్లండు దేశమువారు 2022లో నొక ప్రయత్నము చేసిరి. అర్హులలో చీట్లు తీసి 2,000 మంది కళాకారులకు వారమునకు 325 యూరోల చొప్పున మూడేండ్లు ఇచ్చుటకు బూనిరి. వార్ధక్య నియమము లేదు. ఏమి వ్రాయవలెనో, ఏమి పాడవలెనో యను నియమమును లేదు. ఈ రెండవది మనకు ముఖ్యము. ప్రభుత్వపు పథకములను పొగడిన దళమునకే డబ్బందు నాచారమున్నచోట నాజరు వంటివాడు పుట్టడు, పుట్టినను మాటాడడు.

ఊరక యిచ్చిన సోమరులగుదురని కొందరి భయము. ప్రత్తికి మద్దతు ధర గలదు. మిర్చికి లేకున్నను, 2025లో ధర పడిపోగా క్వింటాలుకు 11,781 రూపాయలని కేంద్రము నిర్ణయించెను. దానివలన రైతు సోమరి యగునని గుంటూరు యార్డులో నెవరైన ననిరా? ధర నమ్మకముండినగాని విత్తనము వేయనివాడు, పాటగానిని మాత్రము నమ్మకము లేకయే పాడుమనుట న్యాయము గాదు.

ఎవరు కళాకారుడో తేల్చుట కష్టమను మాటలో బలమున్నది. గుర్తింపు కార్డుల కొరకు దళారులు లేతురు. శాసనసభ్యుని సిఫారసు లేక చీటి కదలదు. కావున నెంపిక యధికారుల చేతిలో నుండరాదు. ఆ కథ విన్న యూళ్ళవారు సాక్ష్యము పలుకవలెను. అర్హులు మిక్కిలియైనచో బహిరంగముగ చీట్లు తీయవలెను. బుర్రకథ చెప్పు స్త్రీకి భృతి యామె చేతికే యందవలెను. భర్త పేరనో దళనాయకుని పేరనో వ్రాసినచో నది యామెకు చేరునను నమ్మకము నాకు లేదు.