మాట పోయిన బొమ్మ: నేటి హస్తకళాకారులను గూర్చి ఒక పరిశీలనము

హస్తకళలను గూర్చి మనము సభలలో చెప్పుకొను మాటలు రెండు విధములు. ఒకటి, "ఎంత గొప్ప కళ!" అను పొగడ్త. రెండవది, "అయ్యో, అంతరించిపోవుచున్నదే!" అను నిట్టూర్పు. ఈ రెండును కళను గూర్చినవే గాని కళాకారుని గూర్చినవి కావు. ఆ వస్తువును చేసిన మనిషి ఎవరు, ఎవరివద్ద నేర్చినాడు, ఏది మార్చినాడు, మార్చినందువలన ఏమి దక్కినది, ఏమి పోయినది అని విచారించుట విమర్శకుని పని. కవిని గూర్చి ఈ ప్రశ్నలన్నియు వేయుదుము. బొమ్మ చేసినవానిని గూర్చి వేయము. ఈ వ్యాసమున మన కాలపు కళాకారులు ముగ్గురి మార్గములను పరిశీలించి, వాటివలన హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువారమైన మనకు తెలిసివచ్చునది ఏమో చెప్పదలచినాను.

మొదటిది నిమ్మలకుంట మార్గము. నిమ్మలకుంట ధర్మవరము మండలములోని ఊరు. పూర్వము అనంతపురము జిల్లాలో ఉండెడిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. తోలుబొమ్మల కళాకారుల కుటుంబములు అక్కడ స్థిరపడినవి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారమును ప్రకటించినది.

వారి పనితనము సామాన్యము కాదు. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగియలాగి ఎండబెట్టినచో అది వెలుతురును తనగుండ పోనిచ్చు పలుచని పొరయగును. దానిపై రూపము గీసి, రకరకముల ఉలులతో రంధ్రములు కొట్టి, రంగులద్ది, అవయవములను వేరువేరుగా కోసి దారముతో ముడివేసి, నడుమ బద్ద నిలిపినచో బొమ్మ సిద్ధమగును. కేరళమున, కర్ణాటకమున, ఒడిశాలో, తమిళనాట, మహారాష్ట్రమున కూడ తోలుబొమ్మలు కలవు. కాని ఆంధ్రదేశపు బొమ్మలంత పెద్దవి అరుదు. వాటిలో మనిషి ఎత్తు బొమ్మలు సైతము కలవు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పేర్కొన్నాడనగా బొమ్మలాట మన నాట ఎంత పాతదో ఊహింపవచ్చును.

బొమ్మ సిద్ధమగుటతో ఈ కళ పూర్తికాదు. తెల్లని తెర కట్టి వెనుక దీపముంచవలెను. పూర్వము ఆముదపు దీపము, తరువాత పెట్రోమాక్సు, నేడు విద్యుద్దీపము. బొమ్మను తెరకు ఆనించినప్పుడు రంగులు నిండుగా వెలుగును. వెనుకకు తీసినప్పుడు రూపము మసకబారి పెద్దదగును. ఆడించువాడే పద్యము పాడును, సంభాషణ చెప్పును, యుద్ధఘట్టమున కాలిక్రింది చెక్కను తొక్కి చప్పుడు చేయును. ఇంటి ఆడవారు స్త్రీపాత్రలకు గొంతు నిత్తురు. హార్మోనియము, మృదంగము, తాళములు తోడగును. రామకథకు రంగనాథ రామాయణ ద్విపద ఆధారము. నడుమ బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి మాటలలో ఊరివారినే ఆటపట్టింతురు. కనుక తోలుబొమ్మ చూచు వస్తువు మాత్రమే కాదు. అది మాటలాడు వస్తువు.

ఇక్కడ మనము ప్రత్యేకముగా గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఈ కళాకారులలో పెక్కు కుటుంబములవారి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతమునుండి వచ్చినవారు. ఇంటిలో వారు మాటలాడుకొనునది మరాఠీకి చెందిన పలుకుబడి. తెర వెనుక నిలిచినప్పుడు నోట వచ్చునది తెలుగు. తల్లి ఒడిలో నేర్వని భాషలోని ద్విపదలను తరతరములుగా చెవితో పట్టి నాలుకపై నిలుపుకొన్నారు. ఇంటి భాషను కూడ వదలలేదు. రెండు భాషలలో బ్రదుకుట ఏదో ఒక భాషకు చేటు అని భయపడువారికి ఇంతకంటె మంచి సమాధానము లేదు. భాష నిలుచుటకు కావలసినది దానిని పలుకవలసిన పని ఒకటి ఉండుట. వారికి తెలుగుతో పని ఉండెను. అందుచేత తెలుగు నిలిచినది.

సినిమా వచ్చినది, తరువాత టెలివిజను వచ్చినది. తెల్లవార్లు సాగిన ఆటను పిలిచి ఆడించు ఊళ్లు తగ్గినవి. ఆడవలసివచ్చిన చోట కూడ అది తరచు గంట, గంటన్నర ప్రదర్శనగా కుదించుకొనినది. అప్పుడు కళాకారులు తమ చేతిలోని విద్యకు మరియొక త్రోవ వెదకినారు. అదే తోలు, అవే ఉలులు, అవే రంగులతో దీపపు తొడుగులు, గోడకు తగిలించు పటములు చేయసాగినారు. నేడు నిమ్మలకుంట పేరు నగరములలో తెలిసినదన్న, అది ఎక్కువగా ఈ ల్యాంపుషేడ్ల వలననే.

ఈ మార్పును ఎట్లు విలువకట్టవలెను? తొందరపడి తప్పుపట్టుట న్యాయము కాదు. ఆటకు కుటుంబమంతయు కావలెను, వాద్యములు కావలెను, పిలుచు ఊరు కావలెను. దీపపు తొడుగును ఒక్కరు కూర్చుండి చేయవచ్చును, ప్రదర్శనశాలలో అమ్మవచ్చును. అది అన్నము పెట్టినది. అంతియకాదు, తోలు సిద్ధపరచు నేర్పును, ఉలిపట్టును చిన్నవారికి అందించినది. అది లేకున్నచో నేడు మనము చేతిపనిని గూర్చియు భూతకాలములోనే మాటలాడవలసివచ్చెడిది.

అయినను విమర్శకుడు చూచినదానిని చెప్పక తప్పదు. బొమ్మలోని కీళ్లు కదలుటకై ఏర్పడినవి. తొడుగులో రూపము తీగచట్రమునకు కుట్టబడి కదలదు. బొమ్మ ఒంటిమీది రంధ్రములు తెరపై నగలై, కిరీటమై మెరయుటకు కొట్టినవి. తొడుగుపై అవి అలంకారము మాత్రమే. ఇక మాట సంగతి. తొడుగుపై హనుమంతుడు కలడు, సముద్రము కలదు, కాని లంఘనఘట్టపు ద్విపద లేదు. మాటలేని చోట బంగారక్కకు పని ఏమున్నది? రూపము నిలిచినది, వెలుగు నిలిచినది, మాట జారిపోయినది. కొనువాడు తెలుగు తెలిసినవాడు కానక్కరలేదు. అమ్మువాడు తెలుగు పలుకనక్కరలేదు. తరతరములుగా ఆ కుటుంబములకు తెలుగుతో ఉన్న పని ఇక్కడ తగ్గిపోవుచున్నది.

రెండవది శ్రీకాళహస్తి కలంకారీ మార్గము. స్వాతంత్ర్యము వచ్చునాటికి ఈ విద్య చాలవరకు అడుగంటియుండెను. కమలాదేవి చట్టోపాధ్యాయగారి పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము నెలకొనుటచే అది మరల చిగిర్చినది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు ఆనాడు విద్యను నిలిపిన పెద్దలలో ఒకరు. వారి కుమారులు గురప్ప శెట్టిగారు తండ్రివద్దనే నేర్చి, 2008లో పద్మశ్రీ పొందినారు. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టుట, చింతబరికె బొగ్గుతో రూపము గీయుట, ఇనుమును బెల్లముతో పులియబెట్టి నలుపు తీయుట, పటికతో ఎరుపును పట్టించుట, స్వర్ణముఖి నీటిలో ఉతుకుట—ఇదంతయు ఓర్పుతో కూడిన పని.

కాళహస్తి పాత గుడ్డలను చూచినవారు ఒక విశేషమును మరువలేరు. నడుమ పెద్దమూర్తి, చుట్టును వరుసలు వరుసలుగా కథాఘట్టములు, ఆ వరుసల వెంబడి తెలుగు అక్షరముల పట్టీలు. బొమ్మ కథను చూపును, అక్షరము కథను చెప్పును. బజారులో కలంకారీ చీరెలు, దుపట్టాలు అయినప్పుడు నెమలి నిలిచినది, తీగ నిలిచినది. అక్షరపు పట్టీకి చోటు లేకపోయినది. ఇచ్చటను మొదట జారినది మాటయే. గురప్ప శెట్టిగారి మార్గములోని గొప్పతనము ఇక్కడనే కలదు: వారు రామాయణ భారత కథాఘట్టముల పెద్ద గుడ్డలను వదలలేదు. బజారు అడుగుదానిని మాత్రమే చేయక, విద్య దేనికై పుట్టినదో దానిని కూడ చేయుచు వచ్చుట సామాన్యమైన దీక్ష కాదు.

మూడవ మార్గము వీటికి భిన్నమైనది. తెలంగాణమున చింతకింది మల్లేశముగారు పోచంపల్లి రీతి చీరెలు నేయు కుటుంబమునందు పుట్టినారు. ఆ చీర నేయుటకు ముందు నూలును ఆసుపై మేకుల చుట్టును త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటునిటు కదలవలెను. ఆ పని ఇంటి ఆడవారిది. తల్లి లక్ష్మిగారి భుజముల బాధ చూడలేక, పెద్ద చదువులు లేని ఆ యువకుడు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచి, దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. 2019లో వారి జీవితము చలనచిత్రమైనది. యంత్రము వచ్చినచో చేతికళ చచ్చునని మనము వల్లించు మాటకు ఇది చక్కని సమాధానము. నూలును కట్టి రంగులద్దు నేర్పును, నమూనా ఊహించు మనస్సును ఆ యంత్రము ముట్టలేదు. అది తీసివేసినది భుజముల నొప్పిని మాత్రమే.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక కొలబద్ద దొరకును. కళలో మార్పు వచ్చినదా అని అడుగుట దండుగ; మార్పు ఎప్పుడును వచ్చును. ఆముదపు దీపము పోయి విద్యుద్దీపము వచ్చినప్పుడు బొమ్మలాట చావలేదు. అడుగవలసిన ప్రశ్న ఇది: ఆ మార్పు దేనిని తీసివేసినది, శ్రమనా, మాటనా? శ్రమను తీసివేసిన మార్పు కళాకారునికి ఆయువు పోయును. మాటను తీసివేసిన మార్పు వానికి కూడు పెట్టవచ్చును గాని, వాని విద్యలో సగమును మూగచేయును.

ఇక మన సంగతి. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడు మన తాలూకాలు సేలము జిల్లాతో మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. 1965లో ధర్మపురి జిల్లాలో చేరినవి, 2004లో కృష్ణగిరి జిల్లా అయినవి. జిల్లా పేరు మారినది. ఇంటి మాట మారలేదు. గత అర్ధశతాబ్దములో హోసూరు కర్మాగారముల పట్టణమైనది. మోటారు బండ్లు, గడియారములు, బంగారు నగలు ఇక్కడ తయారగుచున్నవి. చేతి నేర్పునకు మన ప్రాంతమున కొదువ లేదు.

కొదువ వేరొకచోట కలదు. 2006 నాటి చట్టముతో తమిళనాడు పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైనది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుట మనకు మేలే. నిమ్మలకుంటవారి ఉదాహరణమే అందుకు సాక్ష్యము. కాని తెలుగు అక్షరము నేర్వక పెరుగు పిల్లలు మన ఇండ్లలో హెచ్చుచున్నారు. వారు అవ్వతో తెలుగున మాటలాడుదురు. అవ్వ పెట్టెలోని పుస్తకమును చదువలేరు. నిమ్మలకుంటలో రూపము నిలిచి మాట జారినది. మన ఇండ్లలో మాట నిలిచి అక్షరము జారుచున్నది. రెండింటికిని కారణము ఒక్కటే: దానితో పని లేకపోవుట.

కావున పని కల్పింపవలెను. ఇది సంఘములు చేయగల కార్యమే. దీపపు తొడుగును కొనుట మానవలదు. కొనుచు, ఆటను కూడ పిలువవలెను. పది నిమిషముల వినోదముగా కాక, ఒక ఘట్టమునైనను ఆద్యంతము, ద్విపదతో, బంగారక్కతో సహా ఆడించి, బృందమునకంతటికి తగిన ప్రతిఫలము నీయవలెను. బంగారక్క హోసూరువారినే ఆటపట్టించినచో పిల్లలు ఆ మాట మరువరు. సంఘభవనపు గోడకు ఒక కలంకారీ గుడ్డను తెప్పింపదలచినచో, అక్షరపు పట్టీలతో కూడ వ్రాయుమని కోరవలెను. ఆ అక్షరములను చదివి కథ చెప్పిన బిడ్డకు బహుమానము నీయవలెను. సంచికలో కళను గూర్చి వ్రాయునప్పుడు, చేసినవారి పేరు, ఊరు, వారు నేర్చిన త్రోవ వ్రాయవలెను.

కళాకారుడు అడిగినదానిని చేయును. దీపపు తొడుగు అడిగితిమి, చేసి యిచ్చినాడు. నెమలి అడిగితిమి; వ్రాసి యిచ్చినాడు. పద్యమును, అక్షరమును అడుగువారు లేనందున అవి మూలపడినవి. వాటిని అడుగుటకు తెలుగు తెలిసిన కొనుగోలుదారులకంటె తగినవారెవరు? ఎల్లకు ఈవలనున్నను, ఆ అడుగుట మన చేతిలోని పనియే.